ముగ్గు పోయకముందు



పోయిన శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి ఎవరో మా తలుపు కొట్టారు. ఇక్కడ మస్కట్‌లో, మేముండే ఘుబ్రాలో మనవాళ్లకి వారమంతా ఎండలో పని. శుక్రవారం సెలవు కాబట్టి ఆ వేళకి లేచేవాళ్లు తక్కువ. తలుపు తీస్తే మా బిల్డింగులోనే కింద అంతస్తులో ఉండే కుర్రాడు. వాళ్లది రాజోలు దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా మస్కట్‌లో షట్టరింగ్ కార్పెంటరుగా చేస్తున్నాడు. చేతిలో ఫోను, ఫోనులో వాళ్ల తమ్ముడు, తమ్ముడి వెనక ఖాళీ స్థలం, అందులో సగం పోసిన పునాది ముగ్గు. ఇక్కడికీ ఇండియాకీ గంటన్నర తేడా కాబట్టి అక్కడ ఎనిమిదయింది. పదకొండున్నరకి ముహూర్తం. మేస్త్రీ ముగ్గు పోసుకుంటూ వచ్చి మధ్యలో ఆగిపోయాడు. "మెట్లు ఎటు తిప్పమంటారు? ఎంత వదలమంటారు?" అని అడుగుతున్నాడు.

"బాబాయ్, మీరు డ్రాయింగులు గీస్తారు కదా, కాస్త చూసి చెప్పండి" అన్నాడు కుర్రాడు.

"ప్లాను ఏదిరా?"

"ప్లాను అంటూ ఏం లేదు బాబాయ్. మా మేస్త్రీ యాభై ఇళ్లు కట్టాడు. అన్నీ ఆయనకి నోటికొచ్చు."

ఆ కుర్రాడు గురువారం సాయంత్రం దాకా ఒక విల్లాలో మెట్లకే షట్టరింగ్ కట్టి వచ్చాడు. ఒక్కో మెట్టు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో డ్రాయింగులో చూసుకుని, గోడ మీద పెన్సిలుతో గీసుకుని, రసమట్టం పెట్టి సరిచూసుకుని అప్పుడు చెక్క బిగించాడు. తేడా వస్తే ఇంజనీరు విప్పించేస్తాడని అతనికి తెలుసు. అంత పనితనం ఉన్నవాడికి తన సొంత ఇంటి మెట్లు ఎటు తిరుగుతాయో తెలియదు.

అతన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కోనసీమ నుంచి, రాజంపేట, రాయచోటి వైపు నుంచి, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మనవాళ్లలో చాలామందిది ఇదే కథ. పరాయివాళ్ల ఇళ్లు గీత తప్పకుండా కట్టిపెడతాం. ఆ జీతంతో ఊళ్లో కట్టుకునే ఇంటికి మాత్రం గీతే ఉండదు. ఫోనులో నడిచే ఇల్లు అది. ఈ పూట దాని గురించే మాట్లాడాలని వచ్చాను. సొంతంగా దగ్గరుండి, లేదా సొంతవాళ్లని దగ్గర పెట్టి ఇల్లు కట్టించుకునేవాడికి ప్లాను కాగితం ఏం చేస్తుందో, దాన్ని ఎలా చదువుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

ఇక్కడ ఒమాన్‌లో స్థలం ఉన్న మనిషి చేతిలో మొదట ఉండే కాగితం పేరు క్రూకీ. స్థలం ఎక్కడుంది, ఏ పక్క ఎన్ని మీటర్లు, రోడ్డు ఎటు, అన్నీ అందులో ఉంటాయి. అది పట్టుకుని ఇంజనీరింగ్ ఆఫీసుకి వెళ్తే వాళ్లు డ్రాయింగులు గీస్తారు. మున్సిపాలిటీ, అంటే మనందరం బలదియా అనే ఆఫీసు, ముద్ర వేస్తేనే గునపం దిగుతుంది. మా మేడ మీద నిలబడితే సుల్తాన్ కాబూస్ గ్రాండ్ మసీదు మినార్లు కనబడతాయి. 2001లో అది ప్రారంభమైంది. దానికి వాడిన ఇసుకరాయి 3 లక్షల టన్నులు, వచ్చింది మన ఇండియా నుంచే. అంత రాయి ఎక్కడికక్కడ వెళ్లి కుదురుగా కూర్చుందంటే, ముందు కాగితం మీద ప్రతి వరసకీ ఒక చోటు ఏర్పడి ఉండబట్టే. మా ఘుబ్రా ఉన్న ఈ బౌషర్ ప్రాంతంలో, ఆ మినార్ల నీడన, రోజూ డ్రాయింగుల మధ్య తిరిగే మనిషి సొంత ఇంటికి "మేస్త్రీకి నోటికొచ్చు" అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

ఈ మాట అన్నప్పుడల్లా ఒక పెద్దాయన నన్ను అడిగేవారు: "మా తాతలు ప్లాను గీయించి కట్టారా?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా కోనసీమ వైపు మండువా లోగిళ్లకి కాగితం లేదు. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా, నాలుగు వైపులా దాని మీదికి వాలిన పెంకుటి చూరు, చుట్టూ వసారాలు. వడ్రంగి కొలబద్ద మీద కొలతలు గీసుకుని మొత్తం ఇల్లు లేపేసేవాడు. కానీ ఆ ఇంట్లో అన్నీ కంటికి కనబడేవి. స్తంభం ఎంత లావో, దూలం ఎంత లోతో, వాసానికీ వాసానికీ మధ్య ఎడం ఎంతో పిల్లవాడు కూడా చూసి చెప్పగలడు. తేడా ఉంటే కట్టేటప్పుడే దొరికిపోతుంది. ఇప్పుడు మనం కడుతున్నది కాంక్రీటు ఇల్లు. దాని బలమంతా లోపలి ఇనుములో ఉంటుంది. కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి ఆ ఇనుము ఎవరికీ కనబడదు. లోపల ఎన్ని చువ్వలున్నాయో, ఎక్కడున్నాయో గోడని అడిగితే చెప్పదు. కాగితమే చెప్పాలి. తాతగారి ఇంటికీ మన ఇంటికీ తేడా అక్కడ వచ్చింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. 2009లో మా ఊళ్లో ఇల్లు మొదలుపెట్టినప్పుడు ప్లాను నేనే గీశాను. అమ్మ గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పదడుగుల గోడ వెంబడి అమ్మ మంచం, దాని కాళ్ల వైపు మా నాన్న పెళ్లినాటి బీరువా రావాలి. మంచం ఆరున్నర అడుగులు, బీరువా మూడు. మొత్తం తొమ్మిదిన్నర. ఇంకో అరడుగు మిగులుతుందని లెక్క వేసుకుని తృప్తిపడ్డాను. సెలవు దొరికి ఇంటికి వెళ్లేసరికి గృహప్రవేశం అయిపోయింది. బీరువా హాల్లో ఉంది.

"అదేంటమ్మా, ఇక్కడ పెట్టావు?"

"లోపల పట్టలేదు నాన్నా."

టేపు తీసి కొలిచాను. 9 అడుగుల 2 అంగుళాలు. మేస్త్రీది తప్పు కాదు. నేను కాగితం మీద 10 అని రాసి బాణం గుర్తులు గోడల మధ్యగీతల దాకా లాగాను. ఆయన కూడా ఈ గోడ మధ్య నుంచి ఆ గోడ మధ్యకి పది అడుగులు పట్టుకుని ముగ్గు పోశాడు. 9 అంగుళాల గోడ కాబట్టి ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర పోయాయి. సిమెంటు పూత మరో అంగుళం తిన్నది. గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి బాణం లాగి, "లోపలి కొలత" అని రెండు మాటలు రాసి ఉంటే సరిపోయేది. అమ్మ ఉన్నన్నాళ్లూ రాత్రిపూట మందులకి లేచి హాల్లోకి నడిచేది, మందులు ఆ బీరువాలో ఉండేవి కనుక. అందుకే ఎవరు ప్లాను తెచ్చి చూపించినా నేను మొదట అడిగేది ఒకటే. ఈ కొలత మధ్యగీత నుంచి మధ్యగీతకా, లోపలి అంచు నుంచి లోపలి అంచుకా?

ప్లాను చదవడం పెద్ద విద్యేమీ కాదండీ. పనసకాయని అడ్డంగా కోస్తే ఒకలా కనబడుతుంది, నిలువుగా కోస్తే ఇంకోలా కనబడుతుంది. ఇంటిని కిటికీల ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసి పక్కన పెట్టి, పైనుంచి తొంగిచూస్తే కనబడేది ప్లాను. అదే ఇంటిని పైనుంచి పునాది దాకా నిలువుగా కోస్తే కనబడేది సెక్షన్. ఎదురుగా నిలబడి చూస్తే కనబడేది ఎలివేషన్. మనవాళ్లు ఎలివేషన్ రంగుల బొమ్మ చూసి మురిసిపోతారు. ప్లాను మీద వాస్తు చూసుకుంటారు. సెక్షన్ కాగితం మాత్రం మడత కూడా విప్పరు. ఇంటిని కాపాడేది ఎక్కువగా ఆ సెక్షనే.

స్కేలు సంగతి ఒక్క మాటలో చెబుతాను. 1:100 అని ఉంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద ఒక మీటరు. అయితే కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి కట్టకండి. వాట్సాప్‌లో పంపిన బొమ్మని ఊళ్లో జిరాక్సు షాపులో ప్రింటు తీస్తే అది కాగితానికి తగ్గట్టు కుంచించుకుపోతుంది. రాసిన అంకెనే నమ్మాలి. అంకె లేకపోతే ఫోన్ చేసి అడగాలి. ఇంకొకటి, ఇక్కడ మనం మిల్లీమీటర్లలో బతుకుతాం, ఊళ్లో మేస్త్రీ అడుగులు, అంగుళాల్లో బతుకుతాడు. 230 అని రాస్తే మనకి 9 అంగుళాల గోడ అని తెలుస్తుంది, ఆయనకి తెలియాలని లేదు. ఊరికి పంపే కాగితం మీద ఊరి కొలతలే రాయించండి.

ఇప్పుడు ఆ సెక్షన్ దగ్గర కాస్త ఆగుదాం. కిటికీ పైన సజ్జ ఉంటుంది కదా. గోడలోంచి రెండడుగులు బయటికి వచ్చి గాలిలో నిలబడుతుంది, చివర ఆసరా లేదు. చెయ్యి చాచి మీద బిందె పెట్టుకున్నట్టు ఊహించుకోండి. బరువుకి చెయ్యి కిందికి వంగబోతుంది, అప్పుడు సాగేది చెయ్యి పైభాగం. కాంక్రీటు నొక్కుడుకి ఓర్చుకుంటుంది గానీ సాగుడుకి ఓర్చుకోదు. సాగే చోట ఇనుము ఉండాలి. కాబట్టి సజ్జలో, బాల్కనీలో ముఖ్యమైన చువ్వలు పైభాగంలో ఉండాలి, గోడ వైపు లోపలికి తగినంత పొడవు దిగి ఉండాలి. గదిపైన స్లాబులో దీనికి ఎదురు. రెండు పక్కలా గోడలున్నాయి, నడుము కిందికి వంగుతుంది, సాగేది కింది భాగం. గది నడిమిన ఇనుము కింద ఉండాలి. రోజంతా స్లాబుకి ఇనుము కింద కట్టిన చెయ్యి అలవాటుగా సజ్జలోనూ కిందే కట్టేస్తుంది. లేదా పైనే కట్టినా, కాంక్రీటు పోసే రోజు తట్టలు మోసేవాళ్లు తొక్కేసరికి చువ్వలు కిందికి దిగిపోతాయి. పోశాక బయటికి ఏమీ తెలియదు, నున్నగానే ఉంటుంది. చెక్క విప్పిన రోజో, నాలుగు వర్షాలు చూసిన తర్వాతో, వేసవిలో పిల్లలు మామిడికాయలు ఎండబెట్టడానికి దాని మీదికి దిగిన రోజో విరిగిపడుతుంది. సెక్షన్ కాగితంలో ఆ చువ్వ ఎక్కడుందో ఒక లావుపాటి గీత చూపిస్తుంది. మీరు చెయ్యాల్సింది కాంక్రీటు పొయ్యకముందు సజ్జ పక్కనుంచి ఒక ఫొటో తెప్పించుకుని, కాగితం పక్కన పెట్టి చూడడమే. అది ఇక్కడ మస్కట్‌లో మంచం మీద కూర్చుని కూడా చెయ్యవచ్చు.

మన దేశంలో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అని ఒక నియమావళి ఉంది. అందులో ఇంటివాడికి అక్కరకొచ్చే అంకెలు కొన్నే. చువ్వ చుట్టూ ఉండాల్సిన కాంక్రీటు కవరు మామూలుగా స్లాబులో 20 మిల్లీమీటర్లు, పిల్లరులో 40, పునాదిలో 50. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పు స్లాబుకి కింద ఆసరా కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు. సెంట్రింగు సామాను అద్దె పెరుగుతుందని కర్రలు తొందరగా లాగేయడం ఊళ్లలో చూస్తూనే ఉంటాం. ఈ అంకెలన్నీ ప్లాను కాగితం అంచున పెద్ద అక్షరాలతో రాసి పంపండి.

ఇక ఎవరు చూడాలి అక్కడ? మనం ఇక్కడున్నాం. తమ్ముడికి వాడి పని వాడికుంటుంది. నా అనుభవంలో నిజంగా రోజంతా అక్కడ ఉండేది ఇంటి ఆడవాళ్లు. పనివాళ్లకి మంచినీళ్లు, టీ ఇచ్చేది, ఇసుక లారీ వస్తే లెక్క చూసేది, గోడలకి నీళ్లు కొట్టేది వాళ్లే. కానీ ప్లాను వాళ్ల చేతికివ్వం. బీరువాలో దస్తావేజుల కింద దాచిపెడతాం. 2016లో మేం పై అంతస్తు వేసినప్పుడు నేను ఆ పొరపాటు చెయ్యలేదు. సెలవులో వెళ్లినప్పుడు మా ఆవిడని కూర్చోబెట్టి మూడు సాయంత్రాలు కాగితాలు చదివించాను. ఆవిడ పదో తరగతి. మొదటి సాయంత్రమే "ఈ గుమ్మం తలుపు తెరిస్తే స్విచ్చి బోర్డు తలుపు వెనక్కి పోతుంది కదండీ" అంది. పాతికేళ్లుగా గీస్తున్న నాకు ఆ మాట తోచలేదు. బోర్డు ఇటు జరిపాం.

నేను తిరిగి వచ్చేశాక ఒకరోజు ఫోన్ చేసింది. పిల్లర్లకి రింగులు కడుతున్నారు. కాగితంలో ఆరేసి అంగుళాలకి ఒక రింగు అని ఉంది. ఆవిడ టేపు పట్టుకుని కింద నుంచి పైకి కొలిచింది. కొన్ని చోట్ల ఎనిమిది, కొన్ని చోట్ల తొమ్మిది. ఏం చెయ్యమంటారని నన్ను అడగలేదు. మేస్త్రీని పిలిచి, కాగితం చూపించి, "మేస్త్రీగారూ, ఇక్కడ ఆరు అని ఉందండీ, మీరొకసారి కొలవండి" అని టేపు ఆయన చేతికిచ్చిందట. ఆయన కొలిచాడు. కుర్రాళ్లని కేకేసి మళ్లీ కట్టించాడు. "అమ్మా, ఇలా చూసేవాళ్లుంటే మాకూ పని బాగుంటుంది" అన్నాడట. ఆ మాట ఆయన మనసులోంచే వచ్చిందని నేను నమ్ముతాను. మంచి పనివాడికి కాగితం శత్రువు కాదు. నోటిమాట మీద కట్టి, తర్వాత "నేనలా అనలేదు" అనిపించుకోవడం మేస్త్రీలకి కూడా ఎంతో కష్టం. ప్లాను ఉంటే ఇద్దరికీ ఒకే సాక్షి.

ఆ కాగితాన్ని మేం లామినేషన్ చేయించి పశువుల పాకలో మేకుకి తగిలించాం. పని అయిన చోటల్లా ఆవిడ స్కెచ్ పెన్నుతో టిక్కు కొట్టేది. ఇప్పటికీ అక్కడే ఉంది. ట్యాప్ లీకయితే పైపు ఏ గోడలో పోయిందో దాన్నే చూసి చెబుతారు.

ఇంత చెప్పినా, కాగితం చూసి కట్టడం చేతికి పట్టుబడాలంటే చిన్న వస్తువు మీద మొదలుపెట్టాలంటాను. మా రూముల్లో కుర్రాళ్లతో శుక్రవారాలు మేం అదే చేస్తాం. సామాను దిగాక పారేసిన ప్యాలెట్ చెక్కలు అడిగి తెచ్చుకుంటాం. ఒక నీళ్ల క్యాను స్టాండు, చెప్పుల స్టాండు, చదువుకునే పిల్లాడికి బల్ల. ముందు కాగితం మీద మూడు వైపుల నుంచి బొమ్మ, కొలతలు, ఎన్ని ముక్కలు, ఒక్కోటి ఎంత పొడవు. ఆ తర్వాతే రంపం. మొదటిసారి ఒక కుర్రాడు ఎనిమిది అడుగుల చెక్క తీసుకుని, ఒక కొస నుంచి సరిగ్గా రెండడుగులు కొలిచి, గీత గీసి, గీతకి అవతల కోశాడు; మిగిలిన చెక్క మీద మళ్లీ రెండడుగులు కొలిచి, అలా మూడు కోతలు కోశాడు. నాలుగు కాళ్లు వచ్చాయి. మూడు సరిగ్గా ఉన్నాయి, నాలుగోది దాదాపు సెంటీమీటరు పొట్టి. స్టాండు ఊగుతోంది. లెక్క మళ్లీ చూశాడు, మూడు కాళ్లూ మళ్లీ కొలిచాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రంపం తినేదాన్ని ఎవరూ లెక్కెయ్యలేదు. ఒక్కో కోతకి మూడు మిల్లీమీటర్లు పొట్టుగా రాలిపోతుంది. మూడు కోతలకి తొమ్మిది. ఆ పొట్టు నేల మీద కుప్పగా కనబడుతూనే ఉంది. గోడ మందం తినేసిన మా అమ్మ గది సరిగ్గా ఇలాంటిదే. ఈ స్టాండు పాడైతే పోయేది ఒక చెక్క. ఆ పాఠం మాత్రం ఆ కుర్రాడికి ఇల్లు కట్టేదాకా గుర్తుంటుంది.

రెడీమేడ్ ప్లాన్ల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఫోనులో వెతికితే తూర్పు ముఖం, ఉత్తర ముఖం అంటూ వందల ప్లాన్లు. వాడుకోవచ్చా అని. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో సియర్స్ అనే కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగులో బొమ్మ చూపించి ఇళ్లే అమ్మింది. ముందే కోసి అంకెలు వేసిన చెక్కలు రైలులో వచ్చేవి, వాటితో పాటు కట్టుకునే విధానం చెప్పే పుస్తకం. అలా 70 వేలకి పైగా ఇళ్లు లేచాయి. చాలామంది ఇంటివాళ్లే చుట్టుపక్కలవాళ్ల సాయంతో కట్టుకున్నారు. మన పక్కన కేరళలో లారీ బేకర్ గారు తక్కువ ఖర్చుతో ఇల్లు కట్టుకోవడం మీద తన చేత్తో బొమ్మలు గీసి, తన చేతిరాతతోనే చిన్న పుస్తకాలు వేశారు. ఇటుకల్ని నిలువు అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడ ఆయన ప్రచారం వల్లే మామూలు జనానికి తెలిసింది. దానిలో ఇటుక నాలుగోవంతు దాకా ఆదా అవుతుంది. గోడలో గాలి ఉండడం వల్ల ఎండ వేడి కూడా తగ్గుతుంది. 2007లో ఆయన పోయారు, ఆ పుస్తకాలు ఇప్పటికీ మేస్త్రీల చేతుల్లో నలుగుతున్నాయి. 

కాబట్టి ఇంకొకరు గీసిన ప్లాను వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు. గదుల అమరిక నచ్చితే తీసుకోండి. పునాది మాత్రం తీసుకోకండి. రాయచోటి వైపు మూడడుగులు తవ్వితే రాయి తగలవచ్చు. మా కోనసీమలో మూడడుగులకి నీళ్లూరతాయి. నల్లరేగడి ఉన్న ఊళ్లో భూమి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అలాంటి నేలల కోసమే అడుగున గుమ్మడికాయలా ఉబ్బిన పైల్ పునాదిని తయారుచేసింది. ఫోనులో బొమ్మకి మీ మట్టి సంగతి తెలియదు. ఆ ఒక్క పనికి మీ ఊరి దగ్గర ఇంజనీరుకి డబ్బిచ్చి పునాది, పిల్లర్లు, ఇనుము లెక్క కట్టించుకోండి. గృహప్రవేశం భోజనాల్లో ఒక పూట ఖర్చు కూడా అవదు.

మట్టం గురించి చెప్పకుండా ఉండలేను. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ఏడాదంతా ఎండిపోయి ఉండే వాదీలు, అంటే ఇక్కడి వాగులు, ఒక్క రాత్రిలో నదులై రోడ్ల మీదికి వచ్చాయి. ఒకే వీధిలో రెండు మెట్లు ఎత్తుగా కట్టిన ఇంట్లో వంట అవుతుంటే, పక్కింట్లో నడుము లోతు నీళ్లు. ఆ రెండు ఇళ్లకీ తేడా డ్రాయింగులో ఒక చిన్న అంకె. ప్లస్ ఇంత అని గచ్చు పక్కన రాసి ఉంటుంది. రోడ్డు కంటే ఇంటి గచ్చు ఎంత ఎత్తో చెప్పే అంకె అది. మా కోనసీమలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేస్తారు, అది పెరుగుతూ పోతుంది. ఇరవై ఏళ్ల కిందట రెండడుగులు ఎత్తున్న అరుగు ఇప్పుడు రోడ్డుకి సమానమైపోయింది. అందుకని ఇప్పటి రోడ్డు చూసి కాకుండా, రాబోయే రోడ్డుని కూడా కలుపుకుని ఆ అంకె వేయించుకోండి. పక్కన కదలని ఒక గుర్తు, కల్వర్టు గోడో, కరెంటు స్తంభం దిమ్మో చూసుకుని, అక్కడ రంగుతో గీత గీయించి, ట్యూబులో నీళ్లు నింపి ఆ మట్టాన్ని స్థలంలోకి తీసుకురమ్మనండి. మన మేస్త్రీలందరికీ ఆ పని వచ్చు. 

అనుమతుల సంగతి ఊరిని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, పొడిగించను. తెలంగాణ పట్టణాల్లో 2020లో తెచ్చిన చట్టంతో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. అనుమతి అక్కర్లేకపోయినా ప్లాను అక్కర్లేదని దాని అర్థం కాదండీ. స్థలం చిన్నదయ్యేకొద్దీ ప్లాను అవసరం ఎక్కువవుతుంది. ఒక సెంటు స్థలం అంటే 48 గజాల చిల్లర. అందులో తలుపు ఒకటి తప్పు వైపు తెరుచుకుంటే మంచం వేసే చోటు పోతుంది.

ఆ శుక్రవారం పొద్దుటికి వద్దాం. కుర్రాడిని లోపల కూర్చోబెట్టి, మా అబ్బాయి లెక్కల నోటుబుక్కు తీసుకున్నాను. ఫోను బల్ల మీద నిలబెట్టాం. 

"గచ్చు నుంచి పై గచ్చుకి ఎత్తెంత అనుకుంటున్నారు?" 

తమ్ముడు మేస్త్రీని అడిగి చెప్పాడు. పదిన్నర అడుగులు. అంటే 126 అంగుళాలు. మెట్టుకి ఏడంగుళాల ఎత్తు వేస్తే 18 ఎక్కుళ్లు. మధ్యలో మలుపు తిరిగే మెట్లయితే ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. తొమ్మిది ఎక్కుళ్లకి కాలు పెట్టే పలకలు ఎనిమిది, తొమ్మిదో అడుగు మలుపు మీదో గచ్చు మీదో పడుతుంది. పలకకి పదంగుళాలు. ఎనభై అంగుళాలు, అంటే 6 అడుగుల 8 అంగుళాలు. మలుపు దగ్గర నిలబడే చోటు మూడడుగులు. మొత్తం 9 అడుగుల 8 అంగుళాలు కావాలి.

"అక్కడ ఎంత వదిలారు?"

ఫోనులో తమ్ముడు టేపు పట్టుకుని వంగాడు. మేస్త్రీ అటు కొస పట్టుకున్నాడు. "తొమ్మిది అడుగులు, అన్నయ్యా. లోపలికి."

ఎనిమిదంగుళాలు తక్కువ. అలాగే కట్టేస్తే ఏమయ్యేదో కుర్రాడు నాకంటే ముందే చెప్పాడు, అతని వృత్తి అదే కదా. పలకలు తొమ్మిదంగుళాలకి కుదించాలి, దిగేటప్పుడు మడమ ఆనదు. వాళ్ల నాన్నకి మోకాళ్ల నొప్పులు. "నాన్న దిగలేడు బాబాయ్" అన్నాడు, గొంతు మారిపోయింది.

మెట్ల గది అవతల గోడ పెరటి వైపుది. అటు నాలుగడుగుల ఖాళీ ఉంది. నేను నోటుబుక్కులో గీసిన బొమ్మని ఫొటో తీసి పంపాను. ఫోనులో మేస్త్రీ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్కసారి వేలుతో గాలిలో మలుపు తిప్పుకున్నాడు. "బాగుందండీ, ఎడమ చేతి వైపు ఎక్కి కుడికి తిరుగుతారు" అన్నాడు. తర్వాత వంగి, పెరటి వైపు ముగ్గు గీతని అరచేత్తో రాసి చెరిపేశాడు. దారం ఎనిమిదంగుళాలు అవతలికి జరిపి, మూల దగ్గర మూడడుగులు, నాలుగడుగులు, అడ్డంగా ఐదడుగులు సరిచూసుకుని, డబ్బాలోంచి పిడికెడు ముగ్గు తీసి కొత్త గీత పోశాడు.

కుర్రాడు ఫోను దగ్గరగా పెట్టుకుని ఆ గీతనే చూస్తున్నాడు. "మిగతా ఇల్లు కూడా గీసేద్దాం బాబాయ్, ఇంకా టైముంది" అన్నాడు. నేను లేచి టీ నీళ్లు పొయ్యి మీద పెట్టాను.